బుజ్జి కంటే ముందు అత్తగారిని అడగండి

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో నిజాంపేట వైపు అపార్ట్‌మెంట్. మూడో అంతస్తులో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం. పాప ఐదో తరగతి. అత్తగారు మాతోనే ఉంటారు. అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు, కుక్కలంటే భయం. పాప రెండేళ్లుగా కుక్క కావాలని ఒకటే గొడవ. కొనడం ఇష్టం లేక పోయిన ఆదివారం ఒక షెల్టర్‌కి వెళ్లాం. అక్కడ బుజ్జి అనే దేశీ కుక్క ఉంది. ఆడది, పదకొండు నెలలు. గేటు తీయడం ఆలస్యం, పాప మీదికి ఎగిరింది, నా చున్నీ పట్టుకుని లాగింది, పది నిమిషాల్లో ఒక్క క్షణం కుదురుగా నిలబడలేదు. పాప మాత్రం అదే కావాలని ఏడుస్తోంది. మావారు 'దీన్ని మనం ఆపలేం, తెచ్చుకుంటే రెండు నెలల పిల్లని తెచ్చుకుందాం' అంటున్నారు. అసోసియేషన్ సెక్రటరీ 'మన దగ్గర కుక్కలకి పర్మిషన్ లేదు' అన్నారు. వయసొస్తే దాని దూకుడు తగ్గుతుందా? తెచ్చుకోమంటారా, వద్దంటారా?
(పేరు వద్దన్నారు, హైదరాబాద్)

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బుజ్జి ఎగరడం గురించి ఉంది, పాప ఏడుపు ఉంది, మీవారి అభ్యంతరం ఉంది, సెక్రటరీగారి మాట ఉంది. అత్తగారికి భయమని మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆవిడ ఏమన్నారో రాయలేదు. అసలు అడిగారా అని నా అనుమానం. ఎందుకంటే ఉదయం తొమ్మిదికి మీరిద్దరూ ఆఫీసుకి, పాప స్కూలుకి వెళ్లాక సాయంత్రం దాకా ఆ ఇంట్లో మిగిలేది ఆవిడా, బుజ్జీ. పేరుకి పాప కుక్క, పగలంతా అత్తగారి కుక్క. కాబట్టి మీ చివరి ప్రశ్నకి జవాబు నా దగ్గర సగమే ఉంది. మిగతా సగం ఆవిడ దగ్గర ఉంది. నా సగం చెప్తాను.

ముందు ఆ పది నిమిషాల సంగతి. షెల్టర్‌లో కుక్కకి రోజెలా గడుస్తుందో ఒకసారి చూడండి. చిన్న గది, సిమెంటు గచ్చు, చుట్టూ పాతిక కుక్కలు. ఒకటి మొరిగితే అన్నీ మొరుగుతాయి. పొద్దున గది కడిగేటప్పుడు ఒకసారి, తిండి పెట్టేటప్పుడు ఇంకోసారి మనిషి కనిపిస్తాడు. వాలంటీర్లు వస్తే ఆ రోజు నడక, రాకపోతే లేదు. అక్కడివాళ్ల తప్పు కాదది, ఉన్న మనుషులు తక్కువ, వచ్చిపడే కుక్కలు ఎక్కువ. అలాంటి చోట ఆదివారం పూట గేటు తెరుచుకుని ఒక చిన్నపిల్ల లోపలికొస్తే, వయసులో ఉన్న కుక్క ఎగరకుండా ఎలా ఉంటుంది? మీరు చూసింది మనిషి కోసం మొహం వాచిపోయిన కుక్కని. అలాగని ఇంటికొచ్చిన మర్నాటికల్లా చాప మీద బుద్ధిగా కూర్చుంటుందనీ చెప్పను. దాని అసలు స్వభావం ఆ పది నిమిషాల్లో బయటపడలేదు, అంతే.

బయటపడాలంటే ఇంకో మూడుసార్లు వెళ్లండి. ఆదివారం వద్దు, మామూలు రోజు సాయంత్రం వెళ్లండి. గదిలో చూడొద్దు, బెల్టు వేసి బయటికి తీసుకురమ్మనండి. మొదటి ఇరవై నిమిషాలు లెక్కలోకి తీసుకోవద్దు. పిలవకుండా, నిమరకుండా ఊరికే పక్కన నడవండి. ఆ తర్వాత చూడండి. తల దించి నేల వాసన చూస్తోందా? నడుస్తూ నడుస్తూ ఒక్కసారైనా మీ వైపు తిరిగిందా? మీరు అరుగు మీద కూర్చుంటే కాసేపటికైనా కాళ్ల దగ్గర కూలబడిందా? పక్కన కుక్కర్ మూత కింద పడేస్తే ఉలిక్కిపడి, మళ్లీ తేరుకోడానికి ఎంతసేపు పట్టింది? ఒళ్లంతా వదులుగా ఊపుకుంటూ మీదికి ఎగిరే కుక్క వేరు, ఒళ్లు బిగబట్టి కళ్లార్పకుండా చూసే కుక్క వేరు. మొదటిదానికి నేర్పితే వస్తుంది. రెండోది ముసలావిడా చిన్నపిల్లా ఉన్న మీ ఇంటికి వద్దు, ఎంత ముద్దొచ్చినా సరే.

గిన్నె దగ్గరికి వెళ్తే గుర్రుమంటుందా అన్నది మీరు చెయ్యి పెట్టి పరీక్షించకండి. అడిగి తెలుసుకోండి. ఆఫీసు గదిలో కూర్చున్నవాళ్లు మంచివాళ్లే, కానీ వాళ్లకి కుక్క ఇంటికి చేరాలన్న తొందర ఉంటుంది. రోజూ ఆ గదులు కడిగే అబ్బాయిని పక్కకి పిలిచి, 'తమ్ముడూ, ఇది నీ మీద ఎప్పుడైనా పళ్లు చూపించిందా? పక్కనున్నవాటితో కొట్లాడుతుందా? ముసలివాళ్లు కర్ర పట్టుకుని వస్తే ఏం చేస్తుంది?' అని అడగండి. నేను షెల్టర్లకి వెళ్లొచ్చిన ఇన్నేళ్లలో ఫైలు కంటే ఆ అబ్బాయి మాటే ఎక్కువసార్లు నిజమైంది.

ఫైలు కూడా చూడాలనుకోండి. రేబిస్ టీకా ఎప్పుడు వేశారు, డిస్టెంపర్, పార్వో వంటి వైరస్ జబ్బులకి కలిపి వేసే టీకా ఎన్ని డోసులు పడింది, నట్టల మందు ఎప్పుడు తాగించారు, ఆపరేషన్ అయిందా అన్నవి రాసుకుని రండి. వీధి నుంచి తెచ్చి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసిన కుక్కకి చెవి కొస కొంచెం కత్తిరించి ఉంటుంది. అది చూసి దెబ్బ అనుకోకండి, గుర్తు. ఆపరేషన్ కాకపోతే ఇప్పుడే చేయించి ఇమ్మనండి. మీ ఇంటికొచ్చాక మొదటి ఎదకొచ్చిందంటే, కింద గేటు ముందు కాలనీలోని మగకుక్కలన్నీ పహారా కాస్తాయి. సెక్రటరీగారికి మీరే ఆయుధం అందించినట్టవుతుంది.

ఇక మీవారి మాట. పిల్లని తెచ్చుకుంటే మనం చెప్పినట్టు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. రెండు నెలల పిల్ల రెండు గంటలకోసారి ఇల్లు తడుపుతుంది, రాత్రి కూడా. పాలపళ్లు రాలి కొత్తవి వచ్చేదాకా, అంటే ఆరేడు నెలలదాకా, కనపడిందల్లా కొరుకుతుంది. ఆ సూదిపళ్లు పాప చేతుల మీదే ముందు పడతాయి. టీకాలన్నీ పూర్తయ్యేదాకా కిందికి దింపడానికి భయం, పార్వో వచ్చిందంటే రెండు మూడు రోజుల్లో పిల్లని పట్టుకుపోతుంది. ఇల్లంతా తొమ్మిది గంటలు ఖాళీగా ఉండి, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఒక్కరే ఉండే చోట ఆ తుడుపులన్నీ ఎవరివి? ఇంత చేసి ఆ పిల్లకి పది నెలలొచ్చేసరికి ఏమవుతుంది? బుజ్జి అవుతుంది. అప్పుడు గేటు తీస్తే అదీ ఎగురుతుంది. బుజ్జి విషయంలో ఒక సుఖం ఉంది, ఎంత ఎత్తు పెరుగుతుందో, మనుషులంటే ఇష్టమో కాదో ఇప్పటికే కళ్లముందు కనిపిస్తోంది. ఈ ఒక్క విషయంలో నేను పాప పక్షం.

వయసొస్తే తగ్గుతుందా అని అడిగారు. తగ్గుతుంది. ఏడెనిమిది నెలల నుంచి ఏడాదిన్నర దాకా, కొన్నిటికి రెండేళ్ల దాకా, కుక్కలకి అది కుర్రతనం. నిన్నటిదాకా పిలిస్తే వచ్చింది ఇవాళ విననట్టు నటిస్తుంది. మన ఇంటర్మీడియట్ పిల్లలే. పైగా ఇది దేశీ రకం. మన కొల్లేరు చుట్టుపక్కల జోనంగి కుక్కలు బాతుల మందలు కాసేవి. ఊరకుక్కలు పొలం గట్ల వెంట రైతుతో పాటు రోజంతా తిరిగేవి. అలాంటి ఒంటిని పన్నెండొందల చదరపు అడుగుల్లో పెట్టినప్పుడు మనం దానికి ఏదో ఒక పని చూపించాలి. లేకపోతే అదే ఒక పని వెతుక్కుంటుంది. ఆ పని సాధారణంగా సోఫా.

ఇక్కడే నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్తాను, మీరు చేయకుండా ఉంటారని. పన్నెండేళ్ల కిందట ఇలాంటి కుర్రాడినే తెచ్చుకున్నాను, పేరు రంగడు. అలిసిపోతే పడుంటాడని, రోజూ పొద్దున గ్రౌండ్‌లో గంటసేపు బంతి విసిరేదాన్ని. మొదటి వారం ఇంటికి రాగానే పడి నిద్రపోయేవాడు. నేను గర్వపడ్డాను. మూడో వారానికి గంట చాలలేదు. రెండో నెలలో గంటన్నర పరిగెత్తి, ఇంటికొచ్చి, ఇన్ని నీళ్లు తాగి, ఆ తడి మూతితోనే బంతి తెచ్చి నా ఒళ్లో పెట్టి మొరిగేవాడు. చూడబోతే నేను వాడికి ఒలింపిక్స్ కోచింగ్ ఇచ్చాను. వాడి స్టామినా పెరిగింది, నా భుజం పట్టేసింది. తల ప్రాణం తోకకొచ్చింది. అంతకంటే ఘోరం, బంతి కనపడకపోతే వాడికి కాలు నిలవని టెన్షన్ పట్టుకుంది. చివరికి బంతి అటక మీదికి ఎక్కించి, పరుగు బదులు నడక మొదలుపెట్టాక నెలరోజుల్లో మనిషయ్యాడు. అంటే, కుక్కయ్యాడు.

ఆ నడక కూడా మన వాకింగ్ లాంటిది కాదు. మనం అడుగులు లెక్కపెట్టుకుంటాం, కుక్క వాసనలు లెక్కపెట్టుకుంటుంది. కరెంటు స్తంభం దగ్గర మూడు నిమిషాలు ముక్కు పెట్టి నిలబడితే లాగకండి. ముక్కుతో పనిచేసిన అరగంటకి దాని బుర్ర అలిసిపోతుంది, బుర్ర అలిసిన కుక్క పడుకుంటుంది. పొద్దున నలభై నిమిషాలు, సాయంత్రం నలభై నిమిషాలు, రాత్రి పడుకోబోయే ముందు పది నిమిషాలు. పొద్దున మీవారు, సాయంత్రం మీరు అనుకోండి. వానొచ్చినా, జ్వరమొచ్చినా, ఆఫీసులో రిలీజ్ ఉన్నా తప్పదు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఎండెక్కకముందే ముగించాలి. సాయంత్రం బయల్దేరే ముందు అరచేతి వెనక వైపు రోడ్డు మీద ఆనించి ఏడు లెక్కపెట్టండి. మీ చెయ్యి ఓర్చుకోలేకపోతే దాని అరికాళ్లూ ఓర్చుకోలేవు.

తిండిని కూడా పనిగా మార్చొచ్చు. గిన్నెలో పోసి ముందు పెడితే బుజ్జి రెండు నిమిషాల్లో ఊదేస్తుంది, మిగతా రోజంతా ఖాళీ. అదే, ఒక పాత తువ్వాలు నేల మీద పరిచి, గుప్పెడు గింజలు అంతటా చల్లి, చాప చుట్టినట్టు చుట్టి మధ్యలో ఒక వదులు ముడి వేసి ఇవ్వండి. మొదటిసారి ముక్కుతో పొడుస్తుంది, కాలితో తొక్కిపెడుతుంది, చికాకుపడి ఒకసారి భౌమంటుంది, చివరికి అంచు దొరికించుకుని విప్పుతుంది. పావుగంట. ఆ పావుగంటలో దాని చెవులు ఎలా పనిచేస్తాయో పాపని కూర్చోబెట్టి చూపించండి, టీవీ కంటే బాగుంటుంది. గుడ్డ పీకి మింగే రకమైతే తువ్వాలు వద్దు, కోడిగుడ్ల అట్టలో వేసి పైన ఇంకో అట్ట మూయండి. ఏదైనా సరే మీరెవరైనా చూస్తుండగానే. తినడం అయ్యాక కుక్కని కదిలించకండి. ఎదిగిన కుక్క రోజుకి పన్నెండు, పద్నాలుగు గంటలు పడుకోవాలి. నిద్ర చాలని కుక్క, నిద్ర చాలని మూడేళ్ల పిల్లాడిలాగే, ఒంటి మీద స్పృహ లేకుండా గెంతుతుంది. చూసేవాళ్లు ఎనర్జీ ఎక్కువ అనుకుంటారు.

మీదికి ఎగరడం ఎలా మాన్పించాలి? మనం చేసేది ఏమిటంటే, 'వద్దు వద్దు' అంటూ రెండు చేతులతో తోస్తాం. దానికి ఇంతకంటే మంచి ఆట లేదు. పక్కకి తిరిగి, చేతులు కట్టుకుని, మాట్లాడకుండా నిలబడండి. నాలుగు కాళ్లూ నేలకి ఆనిన ఆ క్షణంలో వంగి నెమ్మదిగా నిమరండి, ఒక గింజ పెట్టండి. మళ్లీ ఎగిరితే మళ్లీ గోడలా నిలబడాలి. పది రోజుల్లో తేడా తెలుస్తుంది, అదీ ఇంట్లో అందరూ ఒకేలా చేస్తేనే. ఆదివారం వచ్చిన మీ తమ్ముడు 'పర్లేదు అక్కా, నాకిష్టమే' అని ఒక్కసారి గుండెల మీదికి ఎక్కించుకున్నాడా, మీ పది రోజుల కష్టం గంగలో కలిసిందే. చున్నీ సంగతీ అంతే. అది గాలికి ఊగుతుంది కాబట్టి పట్టుకుంటుంది, మీరు వెనక్కి గుంజితే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. గుంజకుండా ఆగిపోయి, లాగుడు ఆటకని కొన్న తాడు దాని నోటికి అందించండి. పాపకి నేర్పాల్సిందీ ఇదే. పరిగెత్తకూడదు, అరవకూడదు, చెట్టులా నిలబడాలి. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు జోలికి వెళ్లకూడదు. మెడ చుట్టూ చేతులేసి కావలించుకోవడం పిల్లలకి ప్రేమ, చాలా కుక్కలకి ఊపిరాడని పని. ఇంకొకటి, పాప ఒక్కతే కిందికి తిప్పడానికి వీల్లేదు. ఎదురుగా పిల్లి కనపడితే పదిహేను కిలోల కుక్క పదేళ్ల పిల్లని బరబరా ఈడ్చుకుపోతుంది.

ఇప్పుడు అత్తగారు. ఆవిడ భయాన్ని తీసిపారేయకండి. అరవై ఎనిమిదేళ్ల మోకాళ్లతో ఉన్న మనిషిని పదిహేను కిలోల కుక్క ప్రేమగా ఒక్కసారి గుద్దినా చాలు, తుంటి ఎముక విరిగిందంటే ఆ ఇల్లు మళ్లీ మామూలు కావడానికి నెలలు పడుతుంది. కాబట్టి ఆవిడది భయం కాదు, లెక్క. కాలభైరవుడి వాహనమని, పుణ్యమని చెప్పి ఒప్పించాలని చూడకండి. భక్తి ఉన్నవాళ్లకీ కరుస్తుందన్న భయం ఉంటుంది. మడి, ఆచారం ఉన్న మనిషైతే అది ఇంకో ఇబ్బంది, దాని గురించి వాదించి గెలిచేదేమీ లేదు.

ఆవిడని కూర్చోబెట్టి అడగండి. 'అత్తయ్యా, మీరు వద్దంటే తీసుకురాం' అని ముందే చెప్పి అడగండి, పాప లేనప్పుడు అడగండి. మనవరాలు కళ్లలో నీళ్లు పెట్టుకుని చూస్తుంటే ఏ నానమ్మ వద్దంటుంది? అలా వచ్చిన 'సరే' మూడు రోజుల్లో కరిగిపోతుంది. నిజంగా సరే అంటే, మూడోసారి షెల్టర్‌కి ఆవిడనీ తీసుకెళ్లి దూరంగా కుర్చీ వేయండి. బుజ్జిని బెల్టుతో పట్టుకుని అటూ ఇటూ నడిపించండి. దగ్గరికి తీసుకురావద్దు. ఆవిడంతట ఆవిడ 'ఇటు తీసుకురా' అంటే తీసుకురండి, అనకపోతే అక్కడితో ఆపేయండి.

ఇంట్లో ఏర్పాట్లు కుక్క రాకముందే చేయాలి, చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. చంటిపిల్లల కోసం గుమ్మానికి బిగించే గేటు దొరుకుతుంది. ఒకటి అత్తగారి గదికి, ఒకటి వంటింటికి. ఆవిడ గది, దేవుడి మూల బుజ్జికి నిషేధం, శాశ్వతంగా. హాల్లో ఆవిడ కుర్చీ గోడ వారగా వేయండి, వెనక నుంచి వచ్చి తగిలే వీలు లేకుండా. మొదటి నెల మీరు ఇంట్లో ఉన్నప్పుడు కూడా తేలికపాటి లీష్ (పట్టుకునే తాడు) మెడకి ఉంచి, కొస మీ దగ్గర పెట్టుకోండి. పగలు బుజ్జికి ఒక గది, పరుపు, నీళ్లు, నమలడానికి ఏదో ఒకటి. మధ్యాహ్నం ఒకసారి కిందికి తీసుకెళ్లడానికి మనిషి కావాలి. ఆ పని అత్తగారి నెత్తిన వేయకండి. కాలనీలో నమ్మకమైన కుర్రాడెవరైనా డబ్బులకి ఒప్పుకుంటే సరి, లేదా మీ ఇద్దరిలో ఒకరు వర్క్ ఫ్రమ్ హోమ్ రోజులు మార్చుకోవాలి. ఇది కుదరకపోతే బుజ్జి కుదరదు. తొమ్మిది గంటలు ఉచ్చ బిగబట్టుకుని, మూసిన తలుపు వెనక ఉండాలంటే దానికి షెల్టరే నయం, కనీసం పక్క గదిలో తోడుంటుంది.

సెక్రటరీగారి సంగతి తేలిక. భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కల్ని నిషేధించలేవు. జనరల్ బాడీలో అందరూ చేతులెత్తి తీర్మానం చేసినా చెల్లదు. లిఫ్టు ఎక్కొద్దనీ అనలేరు. మూగజీవాల పట్ల దయ చూపడం పౌరుడి బాధ్యత అని రాజ్యాంగంలో 51ఎ అధికరణం కూడా చెప్తోంది. ఈ కాగితం ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి, కానీ మొదటి రోజే ఆయన మొహాన కొట్టకండి. రేపు మీ ఫ్లాట్‌లో పైపు పగిలితే ఫోన్ చేయాల్సింది ఆయనకే. టీకా కార్డు, మున్సిపల్ కార్పొరేషన్ రిజిస్ట్రేషన్ కాగితం తీసుకెళ్లి చూపించి, 'లీష్ లేకుండా బయటికి తీసుకురాం, దొడ్డికి వెళ్తే మేమే ఎత్తేస్తాం, లిఫ్టులో ఎవరైనా ఉంటే ఆగి తర్వాత వస్తాం' అని చెప్పండి. చెప్పింది చేయండి. అపార్ట్‌మెంట్లలో కుక్కల గొడవల్లో సగం సెల్లార్‌లో ఎత్తని దొడ్డి దగ్గరే మొదలవుతాయి. కుక్కల్ని ఇష్టపడే మనవాళ్లే చాలామంది ఈ విషయంలో సిగ్గులేకుండా ఉంటారు, చెప్పడానికి నాకే బాధగా ఉంది.

తెచ్చుకునేట్టయితే మీ ఇద్దరిలో ఒకరికి కనీసం వారం సెలవు ఉన్నప్పుడు తెచ్చుకోండి. దీపావళికి ముందు నెల మాత్రం వద్దు. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, పైన టపాసుల మోత, గోరుచుట్టు మీద రోకటిపోటు. షెల్టర్లవాళ్లు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెప్తుంటారు. మూడు రోజులు బిక్కుబిక్కుమంటుంది, తినకపోవచ్చు కూడా. మూడు వారాలకి ఇంటి వేళలు అర్థమవుతాయి, అసలు అల్లరి అప్పుడే బయటికొస్తుంది. మూడు నెలలకి ఇది నా ఇల్లు అనుకుంటుంది. గడియారంలా జరగదు కానీ చాలా ఇళ్లలో ఇంచుమించు ఇదే వరస. మొదటి మూడు రోజులు చుట్టాలకి చూపించే కార్యక్రమం పెట్టుకోకండి. స్నానం కూడా ఆగొచ్చు. తిండి షెల్టర్‌లో ఏం పెడుతున్నారో అదే కొన్నాళ్లు పెట్టి, నెమ్మదిగా మార్చండి. మన పప్పుచారు, పులిహోర ఎంగిళ్లు వద్దు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష దానికి విషం. పాయసంలో జీడిపప్పుతో పాటు ఏం వేస్తామో గుర్తుంది కదా, అత్తగారికి చెప్పి ఉంచండి. ఉడికించిన ఎముకలు చీలికలై పేగుల్లో గుచ్చుకుంటాయి, వద్దు.

ఒక్క విషయంలో మాత్రం నన్ను చాదస్తురాలనుకున్నా సరే, గట్టిగా చెప్తాను. కొత్త కుక్కలు తప్పిపోయేది తొలి రోజుల్లోనే. కొరియర్ అబ్బాయి బెల్లు కొడతాడు, తలుపు తీస్తారు, మీ కాళ్ల మధ్య నుంచి మెట్ల మీదికి, అక్కడి నుంచి రోడ్డు మీదికి. దానికి మీ ఇల్లింకా ఇల్లు కాదు, తిరిగి రావాలని తెలియదు. ఇంటి గుమ్మానికి జాలీ తలుపుంటే ఎప్పుడూ గడియ వేసి ఉంచండి. మెడకి బెల్టు, ఒంటికి హార్నెస్ (ఛాతీ చుట్టూ వేసే పట్టీ), రెండింటికీ లీష్. బెల్టుకి మీ ఫోన్ నంబరు ఉన్న బిళ్ల. మూడో అంతస్తు బాల్కనీ గ్రిల్‌లోంచి తల దూరుతుందేమో కొలిచి చూడండి, దూరేట్టుంటే వల కట్టించండి.

తెచ్చిన వారంలోపు వెటర్నరీ డాక్టరుకి చూపించాలి. మన వైపు కుక్కలకి పెద్ద శత్రువు గోమార్లు, కొందరు పిడుదులంటారు. చెవుల లోపల, వేళ్ల సందుల్లో దాక్కుంటాయి. వాటి వల్ల వచ్చే జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఎగిరే కుక్క ఉన్నట్టుండి తిండి మానేసి మూలన పడుకుంటే 'హమ్మయ్య, నెమ్మదించింది' అని సంతోషపడకండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆటలో గోరు గీరుకున్నా, పన్ను దిగినా సబ్బు రాసి ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. కుక్కకి టీకా వేయించాం కదా అని ఇంట్లోనే తేల్చుకోకండి, రేబిస్ లక్షణాలు బయటపడ్డాక చేసేదేమీ ఉండదు. ఖర్చు మీరు అడగలేదు. మా ఇంట్లో మామూలు నెలల్లో తిండీ మందులూ కలిపి మూడు వేల దాకా అవుతుంది, జబ్బు చేసిన నెల దానికి లెక్క లేదు. దేశీ కుక్కలు పన్నెండు, పద్నాలుగేళ్లు బతుకుతాయి. ఇప్పుడు ఐదో తరగతిలో ఉన్న మీ పాప ఉద్యోగానికి ఏ పుణేకో, ఇంకా దూరమో వెళ్లిపోయినా బుజ్జి మీ దగ్గరే ఉంటుంది. ఆ సంగతి మీవారూ మీరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఒప్పుకోవాలి.

నా సగం జవాబు ఇది: మూడోసారి చూశాక కూడా ఆ కుక్క మీ కాళ్ల దగ్గర కూర్చోగలిగితే, మధ్యాహ్నానికి మనిషి దొరికితే, అత్తగారు పాప లేని గదిలో కూడా సరే అంటే, తెచ్చుకోండి. ముందు రెండు మూడు వారాలు మీ దగ్గర ఉంచుకుని చూసే వీలుందేమో షెల్టర్‌వాళ్లని అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు. కుదరలేదా, తిరిగి వాళ్లకే అప్పజెప్పండి. నలుగురూ ఏదో అంటారని రోడ్డు మీద వదలడం కంటే తిరిగి అప్పజెప్పడమే మర్యాద.

అత్తగారు వద్దంటే వద్దు. కానీ 'నానమ్మ వల్లే రాలేదు' అన్న మాట పాప చెవిన పడకూడదు, ఆ నిర్ణయం మీదని చెప్పండి. అదే షెల్టర్‌లో ఐదారేళ్ల కుక్కలు ఉంటాయి, వెనక వరసలో, ఎవరూ అడగనివి. రోజుకి రెండు నడకలు, ఒక మూల, ఇంతే వాటి కోరిక. అత్తగారికి అలాంటిదాన్ని ఒకసారి చూపించండి. అదీ కాదంటే శనివారాలు పాపని తీసుకుని వెళ్లి బుజ్జిని గంటసేపు నడిపించి రండి. నడక నేర్చిన, మీదికి ఎగరని కుక్కని ఇంకెవరో త్వరగా తీసుకెళ్తారు. ఆ రోజు పాప ఏడుస్తుంది, ఏడవనివ్వండి.

ఈ వారం మళ్లీ వెళ్తారు కదా, చున్నీ ఇంట్లోనే పెట్టి వెళ్లండి.